సెకనుకు ఎన్ని ఎత్తులు?

హాంకాంగ్, 1995 మే నెల. కంప్యూటర్ ప్రోగ్రాముల ప్రపంచ చదరంగం పోటీలు జరుగుతున్నాయి. ఒక బల్ల దగ్గర ఐబీఎం వాళ్ల యంత్రం ఆడుతోంది. ఆడుతోంది అంటే... అది అక్కడ లేదు. అమెరికాలో ఉంది. ఎత్తులు మాత్రం సముద్రాలు దాటి వస్తున్నాయి. ప్రత్యేకంగా చదరంగం కోసమే తయారుచేసిన చిప్‌లు దాని నిండా ఉన్నాయి. ఎదురుగా ఉన్నది ఫ్రిట్జ్. దుకాణంలో డబ్బాలో పెట్టి అమ్మే ప్రోగ్రాము. అది నడుస్తున్నది 90 మెగాహెర్ట్జ్ పెంటియం మీద. అలాంటి కంప్యూటర్ ఆ రోజుల్లో ఏ ఆఫీసు బల్ల మీదైనా ఉండేదే. ఐబీఎం యంత్రం వేగం ముందు దాని వేగం ఏ మూలకు?

గెలిచింది ఫ్రిట్జ్!

అంతటితో ఆగలేదు. వందలకొద్దీ ప్రాసెసర్లున్న సూపర్ కంప్యూటర్ మీద ఆడిన 'స్టార్ సోక్రటీస్'తో పాయింట్లు సమానమైతే, ప్లేఆఫ్‌లో దాన్నీ ఓడించి ప్రపంచ టైటిల్ పట్టుకుపోయింది. ఓడిన ఐబీఎం యంత్రం పేరు 'డీప్ బ్లూ నమూనా'. సరిగ్గా రెండేళ్లకు దాని పెద్ద రూపమే ప్రపంచ ఛాంపియన్ గారీ కాస్పరోవ్‌ను ఓడించింది. అప్పుడు ప్రపంచమంతా ఒకటే అంకె జపించింది. సెకనుకు 20 కోట్ల స్థితులు!

ఇంతకీ ఎక్కువ చూసేవాడిదేనా గెలుపు? ఇంకో మాట... ఒక ప్రోగ్రాము సెకనుకు ఎన్ని చూస్తోందో ఎవరు లెక్కపెట్టారు?

సెకనుకు అయిదు!

వేగం కథ అరగంట దగ్గర మొదలైంది. కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకరైన అలాన్ ట్యూరింగ్ చదరంగం ఆడే ప్రోగ్రాము ఒకటి రాసుకున్నాడు. దాన్ని నడపగల యంత్రం లేదు. అందుకని 1952లో తానే యంత్రంలా కూర్చుని, కాగితం మీద లెక్కలు వేస్తూ తన మిత్రుడు అలిక్ గ్లెనీతో ఆడాడు. ఒక్కో ఎత్తుకు దాదాపు అరగంట పట్టింది. అంత కష్టపడ్డా ఆ 'కాగితం యంత్రం' ఓడిపోయింది.

మరో అయిదారేళ్లకు అలెక్స్ బెర్న్‌స్టీన్ బృందం ఐబీఎం 704 మీద పూర్తి స్థాయి ప్రోగ్రాము నడిపింది. ప్రతి మలుపులోనూ బాగున్నాయనిపించిన ఏడు ఎత్తులనే అది తీసుకునేది. అలా నాలుగు ఎత్తుల దూరం చూసేది. ఏడుని నాలుగుసార్లు హెచ్చిస్తే 2,401. ఎత్తు వేయడానికి పట్టే సమయం ఎనిమిది నిమిషాలు. అంటే సెకనుకు అయిదు స్థితులు! కాస్పరోవ్ సెకనుకు మూడు చూస్తాడని ఐబీఎం వాళ్లే తరవాత చెప్పారు. ఆ లెక్కన చూస్తే 1950ల్లోనే యంత్రం మనిషిని వేగంలో దాటేసినట్టు. ఆట మాత్రం నేర్చుకుంటున్న కుర్రాడి ఆట. వేగాన్ని మాత్రమే కొలిస్తే ఏం తెలుస్తుందో, ఏం తెలియదో ఆ మొదటి రోజుల్లోనే బయటపడింది.

అంతకుముందే, 1950లో, క్లాడ్ షానన్ ఒక వ్యాసం రాశాడు. ఒక స్థితిలో సగటున 30 ఎత్తులుంటాయనుకుంటే, తెల్లపావులది ఒకటి, నల్లపావులది ఒకటి కలిపి రమారమి వెయ్యి దారులు. నలభై జతల ఎత్తులు సాగే ఆటకైతే 1 పక్కన 120 సున్నాలు! అన్నీ చూడటం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అందుకే షానన్ రెండు దారులు చూపించాడు. ఒకటి, కొంత దూరం వరకు అన్ని ఎత్తులనూ చూడటం. రెండోది, పనికొచ్చే వాటిని ఏరుకుని వాటినే లోతుగా చూడటం. రెండోదే తెలివైన పని అన్నది ఆయన అభిప్రాయం. ప్రపంచ ఛాంపియన్‌గా వెలిగిన మిఖాయిల్ బోత్విన్నిక్‌దీ అదే మాట. ఆయన ఏళ్ల తరబడి ఆ దారిలోనే 'పయనీర్' అనే ప్రోగ్రాము కోసం శ్రమించాడు. అది పోటీల్లో ఆడే దశకు చేరనే లేదు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు స్లేట్, ఆట్కిన్ 1973లో ఏరుకోవడం మానేసి అన్నీ చూసే దారి పట్టారు. వాళ్ల ప్రోగ్రాము ఆట మెరుగుపడింది. దాంతో అందరి కళ్లూ వేగం మీద పడ్డాయి.

తమ్ముడూ... మామిడిపండ్ల బుట్టలూ

అన్నీ చూడటమంటే నిజంగా అన్నీ చూడటం కాదు. అందులో ఒక చిట్కా ఉంది. దాని పేరు ఆల్ఫా-బీటా.

మీ ఇంట్లో పది మామిడిపండ్ల బుట్టలున్నాయనుకోండి. బుట్టను మీరు ఎంచుకోవచ్చు. అందులోంచి పండు తీసి ఇచ్చేది మాత్రం అల్లరి తమ్ముడు. వాడు ఉన్నవాటిలో అధ్వానమైనదే ఇస్తాడు. మొదటి బుట్ట మొత్తం చూశారు. అందులో అన్నిటికంటే నాసిరకం పండు కూడా తినడానికి పరవాలేదు. రెండో బుట్టలో చెయ్యి పెట్టగానే కుళ్లిన పండు తగిలింది. మిగతావి చూడాలా? అక్కర్లేదు. అడుగున బంగినపల్లి రసాలూరుతున్నా సరే, తమ్ముడు ఇచ్చేది కుళ్లినదే. కాబట్టి ఆ బుట్టను పక్కన పెట్టేయొచ్చు. చదరంగంలో ఆ తమ్ముడే ప్రత్యర్థి.

ఈ చిట్కాతో ఎంత ఆదా? ఒక్కో మలుపులో 30 ఎత్తుల చొప్పున నాలుగు ఎత్తుల దూరం చూడాలంటే 8,10,000 స్థితులు. మంచి ఎత్తులు ముందుగా తగిలేలా వరస పెట్టుకుంటే దాదాపు 1,800 చూస్తే చాలు. జవాబు అదే వస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉండదు. వరస చెడితే మాత్రం ఆదా తగ్గిపోతుంది. అంటే, సెకనుకు పది లక్షలు చూస్తూ వరస సరిగా లేని ప్రోగ్రాముకంటే, లక్ష చూస్తూ వరస తెలిసిన ప్రోగ్రాము ముందుగా జవాబు చెప్పగలదు. హాంకాంగ్ ఫలితాన్ని ఒక్క ఆటతో తేల్చేయడం తొందరపాటే. ఒక్క ఆటలో ఏదైనా జరగొచ్చు. కానీ వేగమే బలం కాదనడానికి కారణం మాత్రం ఇక్కడుంది.

వేగాన్ని రెట్టింపు చేసినా దక్కేది తక్కువే. ఇంకొక్క ఎత్తు లోతుకు వెళ్లాలంటే ఆ రోజుల్లో అయిదారు రెట్లు ఎక్కువ పని పడేది. ఆ ఒక్క ఎత్తు విలువెంతో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పరీక్షించాడు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన ఆయన, జో కాండన్‌తో కలిసి 'బెల్' అనే చదరంగం యంత్రాన్ని తయారుచేశాడు. దాని వేగం సెకనుకు దాదాపు 1,60,000 స్థితులు. దాన్ని దానితోనే ఆడించాడు. ఒకవైపు మాత్రం ఒక ఎత్తు లోతు ఎక్కువ. ఆ ఒక్క ఎత్తూ రేటింగులో దాదాపు 200 పాయింట్ల తేడా తెచ్చింది. లోతు పెరిగే కొద్దీ లాభం తగ్గుతూ వచ్చిందనుకోండి. అయినా 200 పాయింట్లంటే క్లబ్బు ఆటగాడికీ అతన్ని అలవోకగా ఓడించేవాడికీ ఉండే తేడా. వేగం వెంట పరుగులు పెట్టారంటే పెట్టరూ మరి!

ఈ బెల్‌ది ఇంకో కథ ఉంది. 1982లో మాస్కోలో ప్రదర్శనకని థాంప్సన్ దాన్ని విమానంలో పంపబోతే, న్యూయార్క్‌లో కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. శత్రుదేశానికి కీలక సాంకేతిక పరిజ్ఞానం తరలిపోతోందని అభియోగం! విమానంలోంచి ఎవరి నెత్తినైనా పడేస్తే తప్ప ఇది ఆయుధం కాదని థాంప్సన్ ఛలోక్తి విసిరాడు. ఆ మరుసటి ఏడాదే బెల్‌కు 'మాస్టర్' హోదా దక్కింది. కంప్యూటర్లలో ఆ గౌరవం అందుకున్న మొదటిది అదే.

ఇరవై కోట్ల లెక్క

డీప్ బ్లూ పుట్టింది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఆచార్యుడిగా పనిచేసిన చోటు అదే. 1980ల్లో అక్కడ ఒకే ప్రాంగణంలో రెండు బృందాలు పోటీపడ్డాయి. ఒకటి హాన్స్ బెర్లినర్‌ది. వాళ్ల యంత్రం 'హైటెక్'. రెండోది విద్యార్థులది. ఫెంగ్ హ్సియుంగ్ హ్సు, మర్రే క్యాంప్‌బెల్, థామస్ అనంతరామన్‌లు అందులో ముఖ్యులు. హ్సు ఎత్తులు లెక్కకట్టే పనినంతా ఒక చిప్‌లోకి ఎక్కించాడు. అలా వచ్చిన 'డీప్ థాట్' సెకనుకు ఏడు లక్షలు చూసేది. 1988లో అది డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సన్‌ను ఓడించింది. మర్నాడే కాస్పరోవ్‌ని కొట్టేస్తుందనుకున్నారు అభిమానులు. 1989లో రెండు ఆటలాడితే రెండూ కాస్పరోవే గెలిచాడు.

తరవాత ఐబీఎం రంగంలోకి దిగింది. 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో డీప్ బ్లూ వేగం సెకనుకు 10 కోట్లు. మొదటి ఆట గెలిచి సంచలనం సృష్టించినా చివరికి 4-2తో కాస్పరోవ్‌దే పైచేయి. 1997 మేలో న్యూయార్క్‌కు వచ్చేసరికి 480 చదరంగం చిప్‌లు. వేగం 20 కోట్లు. ఫలితం తారుమారు. 3.5-2.5తో యంత్రం గెలిచింది. చివరి ఆట 19 ఎత్తుల్లోనే ముగిసింది. గెలిచినవారికి 7 లక్షల డాలర్లు, ఓడినవారికి 4 లక్షలు.

ఆ 20 కోట్ల అంకె పత్రికల్లో, ప్రకటనల్లో మారుమోగింది. నిజానికి ఒక్కో చిప్ సెకనుకు 20 నుంచి 25 లక్షల స్థితులు చూడగలదు. 480 చిప్‌లు కలిస్తే వంద కోట్లు దాటాలి కదా? దాటవు. వంటింట్లో ఒక మనిషి గంటలో చేసే వంటను అరవై మంది కలిసి నిమిషంలో చేయలేరు. ఒకరు కూర తరగనిదే ఇంకొకరు తాలింపు పెట్టలేరు. చిప్‌లదీ అదే బాధ. ఒకదాని జవాబు కోసం మరొకటి ఎదురుచూడాలి. ఒకటి చూసిందే ఇంకొకటి చూస్తుంది.

ఈ సంగతి దాచుకోకుండా చెప్పింది డీప్ బ్లూ బృందమే. 2002లో రాసిన పరిశోధన పత్రంలో వాళ్లు లెక్కలు బయటపెట్టారు. 1997 పోటీ మొత్తంమీద సగటు వేగం సెకనుకు 12.6 కోట్లు. అత్యధికంగా అందుకున్నది 33 కోట్లు. స్థితిని బట్టి వేగం మారుతూనే ఉంటుంది. కాబట్టి 20 కోట్లన్నది అబద్ధం కాదు, అలాగని రోజంతా నడిచిన వేగమూ కాదు. బైకు కంపెనీ చెప్పే మైలేజీ లాంటిదన్నమాట.

కాస్పరోవ్‌ను కలవరపెట్టింది మాత్రం ఈ అంకెలు కాదు. రెండో ఆటలో యంత్రం పావులు కొట్టే అవకాశాన్ని వదిలేసి, మనిషిలా నింపాదిగా ఒక ఎత్తు వేసింది. వెనకనుంచి ఎవరైనా సాయం చేశారేమోనని ఆయన అనుమానం. ఆ కంగారులో, డ్రా చేసుకునే వీలున్న ఆటను ఓటమిగా ఒప్పుకుని లేచిపోయాడు. మళ్లీ ఆడదామని అడిగితే ఐబీఎం ఒప్పుకోలేదు. యంత్రాన్ని విప్పేశారు. సాయం జరిగిందనడానికి ఆధారాలేవీ బయటికి రాలేదు. కానీ అడిగిన వెంటనే యంత్రం లెక్కల చిట్టా ఆయన చేతికిచ్చి ఉంటే అనుమానం అంత ముదిరేది కాదు.

ఎవరి తూకం వారిది

ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక సెకనుకు ఎన్ని అన్నది అమ్మకాల మాటగా మారింది. ఫ్రిట్జ్ వేగానికి పేరుపడింది. మార్క్ యునియాకే రాసిన 'హియార్క్స్' నెమ్మది. తక్కువ స్థితులు చూసినా ఒక్కోదాన్ని శ్రద్ధగా బేరీజు వేస్తుంది. రెండూ తెర మీద అంకెలు చూపిస్తాయి. ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చొచ్చా?

కుదరదు. ఎందుకంటే దేన్ని ఒక 'స్థితి'గా లెక్కపెట్టాలో ఎవరిష్టం వారిది. కొన్ని ప్రోగ్రాములు పావు కదిపిన ప్రతిసారీ ఒకటి వేసుకుంటాయి. కొన్ని మార్కులు వేసిన స్థితుల్నే లెక్కిస్తాయి. చివర్లో పావులు కొట్టుకునే ఎత్తుల్ని కొందరు కలుపుతారు, కొందరు కలపరు. ఒకరు తూకంలో సంచిని కూడా కలిపితే ఇంకొకరు సరుకే తూచినట్టు. ఇక 2005 నుంచి అందర్నీ హడలెత్తించిన వాసిక్ రజ్లిచ్ 'రిబ్కా' మరీ విచిత్రం. అది తెర మీద చాలా తక్కువ వేగం, తక్కువ లోతు చూపించేది. గెలుపులు మాత్రం దానివే. 'అబ్బ, ఎంత తెలివైనదో' అనుకున్నారంతా. చూపిస్తున్న అంకెలు అసలువి కావని తరవాత బయటపడింది. లోపలి గుట్టు తెలియకుండా తగ్గించి చూపేదట! దాన్ని నమ్మి వేగం మీద వాదనలు చేసినవాళ్ల సంగతి చెప్పేదేముంది.

నిక్కచ్చిగా పోల్చగలిగే పరీక్ష ఒకటుంది. దాని పేరు పెర్ఫ్ట్. మార్కులు వేయడం, ఏరడం ఏమీ ఉండవు. ఇన్ని ఎత్తుల దూరంలో దారులెన్ని, లెక్కపెట్టు... అంతే. ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులు. ఎనిమిది బంట్లకూ రెండేసి, రెండు గుర్రాలకూ రెండేసి. నల్లపావులకూ అంతే కాబట్టి రెండో ఎత్తుకు 400. ఇంతవరకు ఇంట్లో పిల్లలు కూడా లెక్కకట్టొచ్చు. మూడుకు 8,902. నాలుగుకు 1,97,281. అయిదుకు 48,65,609. ఆరుకు 11,90,60,324. జవాబు ఎవరికైనా ఒకటే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ప్రోగ్రాములో తప్పున్నట్టే. జవాబు సరిగా వచ్చినవాళ్లలో ఎవరు ముందు చెప్పారన్నదే వేగం. కాకపోతే ఇది ఎత్తులు పుట్టించే వేగమే, ఆడే వేగం కాదు. పరుగుపందెంలో గెలిచినవాడు కబడ్డీలో గెలుస్తాడని చెప్పలేం కదా!

'ఇరవై ఎత్తుల లోతుకు ఎవరు ముందు చేరతారో చూద్దాం' అంటారు కొందరు. అదీ చిక్కే. ఒక ప్రోగ్రాము పనికిరాదనుకున్న దారుల్ని సగంలోనే వదిలేసి ఇరవైకి చేరుతుంది. ఇంకొకటి అన్నీ తడుముకుంటూ వెళ్తుంది. ఇద్దరి 'ఇరవై' ఒకటి కాదు. చివరికి మిగిలిన దారి ఒక్కటే. ఒకే రకం కంప్యూటర్లు, ఒకే సమయం ఇచ్చి వందల ఆటలు ఆడించడం. స్వీడన్‌లోని చదరంగ కంప్యూటర్ సంఘం 1980ల నుంచి ఓపిగ్గా ఈ పనే చేస్తూ రేటింగుల జాబితా ఇస్తూ వచ్చింది.

జేబులో గ్రాండ్‌మాస్టర్

2005లో లండన్‌లో 'హైడ్రా' అనే యంత్రం బ్రిటన్ అగ్రశ్రేణి ఆటగాడు మైకేల్ ఆడమ్స్‌తో తలపడింది. దాని వేగమూ సెకనుకు 20 కోట్లే. ఆరు ఆటల్లో ఆడమ్స్‌కు దక్కింది ఒక్క డ్రా. భారీ యంత్రాల యుగం చివరి వెలుగు అది.

నాలుగేళ్లకే, 2009లో, బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక టోర్నమెంటు జరిగింది. పాల్గొన్నది జేబులో పట్టే ఫోను. అందులో 'పాకెట్ ఫ్రిట్జ్'. లోపల పనిచేస్తున్నది ఎవరనుకున్నారు? నెమ్మది హియార్క్స్! పదింట 9.5 పాయింట్లు. గ్రాండ్‌మాస్టర్లు సైతం ఈర్ష్యపడే ప్రదర్శన. వేగం సెకనుకు 20 వేల లోపే. డీప్ బ్లూ ప్రకటించిన అంకెలో పదివేలవ వంతు!

ఇక 2017 డిసెంబరులో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ 'ఆల్ఫాజీరో' గురించి చెప్పినప్పుడు చదరంగం లోకం నోరెళ్లబెట్టింది. ఆట నియమాలు తప్ప ఏమీ చెప్పకుండా, తనతో తానే ఆడుకుంటూ నేర్చుకున్న ప్రోగ్రామది. అప్పటికి మేటి అయిన స్టాక్‌ఫిష్ సెకనుకు 7 కోట్ల స్థితులు చూస్తే ఇది చూసింది 80 వేలు. వంద ఆటల్లో 28 గెలిచింది, 72 డ్రా, ఓటమి లేదు. స్టాక్‌ఫిష్ అభిమానులు ఊరుకోలేదు. పాత వెర్షన్‌తో ఆడించారు, ఎత్తుకు నిమిషమని కట్టేశారు, మెమరీ తక్కువిచ్చారు అన్నారు. అవి తీసిపారేయాల్సిన అభ్యంతరాలు కావు. 2018లో షరతులు సడలించి వెయ్యి ఆటల ఫలితాలు ప్రచురించారు. ఆల్ఫాజీరో 155 గెలిచి 6 ఓడింది. మిగతావన్నీ డ్రాలే.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. 80 వేలు అనగానే అది తక్కువ పని చేస్తోందనుకోకూడదు. ఒక్కో స్థితిని చూసినప్పుడల్లా అది చేసే గుణకారాలు కోకొల్లలు. వాటికోసం ప్రత్యేకమైన చిప్‌లు వాడారు. స్టాక్‌ఫిష్ వెయ్యి గదుల్లోకి తొంగిచూస్తే, ఇది ఒక్క గదిలో కూర్చుని మూలమూలలా వెదుకుతుంది. ఇద్దరి చెమటనూ 'సెకనుకు ఎన్ని' అనే ఒక్క కొలతతో ఎలా కొలుస్తారు?

స్టాక్‌ఫిష్ వాళ్లు ఆ పాఠాన్ని తమ దారికి మలుచుకున్నారు. జపాన్ చదరంగమైన షోగి కోసం యు నాసు 2018లో ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి రూపొందించాడు. మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది. 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12లో దాన్ని చేర్చారు. సెకనుకు చూసే స్థితులు తగ్గిపోయాయి. ఆట మాత్రం దాదాపు వంద రేటింగు పాయింట్లు పెరిగింది. ఇంట్లోని మామూలు కంప్యూటర్‌లో నడిచే స్టాక్‌ఫిష్ ఈరోజుకీ డీప్ బ్లూ అంత వేగంగా వెదకదు. కానీ ఆ రెండూ ఆడితే పందెం డీప్ బ్లూ మీద కాసేవాళ్లు దొరకరు.

ఒకే ఒక్క ఎత్తు

మనిషికీ యంత్రానికీ మధ్య పేరుకెక్కిన చివరి పెద్ద పోరు 2006లో జర్మనీలోని బాన్‌లో జరిగింది. ఒకవైపు ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్. మరోవైపు డీప్ ఫ్రిట్జ్. హాంకాంగ్‌లో గెలిచిన ఆ డబ్బా ప్రోగ్రాముకు వారసురాలు. అప్పటికి దాని వేగం సెకనుకు 80 లక్షలు. మొదటి ఆట డ్రా.

నవంబరు 27న రెండో ఆట. క్రామ్నిక్ బాగా ఆడుతున్నాడు. 34వ ఎత్తుగా తన మంత్రిని కదిపాడు. ప్రశాంతంగా కుర్చీలోంచి లేచాడు. కప్పు చేతిలోకి తీసుకుని విశ్రాంతి గదివైపు వెళ్లబోయాడు. వ్యాఖ్యానిస్తున్నవాళ్లలో కూడా కనీసం ఒకరు ఏమీ గమనించలేదు. ఫ్రిట్జ్ తరఫున పావులు కదుపుతున్న మథియాస్ ఫైస్ట్ మాత్రం తెరవైపు, బల్లవైపు మార్చి మార్చి చూస్తున్నాడు. తాను ఎత్తు సరిగ్గానే ఎక్కించానా అని అనుమానం. తెర మీద ఉన్నది ఒకే ఎత్తులో షామాత్!

దాన్ని కనిపెట్టడానికి 80 లక్షలు అక్కర్లేదు. బెర్న్‌స్టీన్ కాలంనాటి యంత్రమైనా, ఏడాది క్రితం ఆట నేర్చుకున్న పిల్లాడైనా చూడగలిగిన ఎత్తు. ఫైస్ట్ మంత్రిని తీసి రాజు పక్కన పెట్టాడు. క్రామ్నిక్ ఒక్క క్షణం నుదురు పట్టుకున్నాడు. మళ్లీ కూర్చుని, స్కోరు పత్రం మీద సంతకం చేసి, విలేకరుల సమావేశానికి వెళ్లిపోయాడు.